ఆరో కొంగ

పాలబండి ఏడింటికి వస్తుంది. ఆరున్నరకల్లా కోడలు రెండు క్యాన్లూ కడిగి, పాలు వడగట్టి, మూతలు బిగించి గేటు దగ్గర పెట్టేస్తుంది. ఆ ఇంట్లో గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు గానీ, ఆమె లేవడం పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం ఆవులతో సహా అందరికీ తెలిసిపోతుంది. ఆ రోజు క్యాన్లు దించి, నడుము మీద చెయ్యి వేసుకుని తలెత్తేసరికి, కొట్టం రేకుల మీద కొంగలు కనిపించాయి.

ఏటా వచ్చేవే. చెరువు అడుగంటి, పంట ఇంటికి చేరాక, మనిషి నడుమెత్తు ఉండే బూడిదరంగు కొంగలు రెల్లుపొదల్లోంచి లేచి ఇళ్ళ మీదికి వస్తాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వస్తాయి. వారం రోజులు రేకుల మీద నిలబడి ఇంటివాళ్ళని చూస్తాయి. ఏడో రోజు పొద్దున్నే పెరట్లోకి దిగి వరస కడతాయి. ఎదురుగా ఇంటివాళ్ళూ వరసలో నిలబడాలి. చివరి కొంగ తన ఎదురుగా ఉన్న మనిషిని ముక్కుతో తాకి వెనక్కి తిరుగుతుంది. ఆ మనిషి దాని వెంట రెల్లుపొదల్లోకి నడిచి వెళ్తాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చింది లేదు. పోనీ దాక్కుందామా అంటే, అవి నెలల తరబడి కదలవు. ఆవులు బెదిరి పాలివ్వడం మానేస్తాయి. చివరికి దాక్కున్నవాళ్ళే విసిగి బయటికి వస్తారు.

అందుకే ఇంటింటికీ ఒక గడ్డి మనిషి. కొంగలు వచ్చే ముందే వాడికి ఎవరో ఒకరి విడిచిన చొక్కా తొడిగి అరుగు మీద కూర్చోబెడతారు. చెమట వాసన ఉండాలి, ఉతికిన బట్టకి కొంగ మోసపోదు. వాణ్ణీ మనిషికిందే జమకట్టుకుంటాయి అవి. ఏడో రోజున వాణ్ణి వరసలో చివర నిలబెడితే, కొంగ పొడుస్తుంది, నోట్లోకి గడ్డి వస్తుంది, సిగ్గుపడి ఎగిరిపోతుంది. మిగతావీ దాని వెనకే పోతాయి. మళ్ళీ ఏడాది దాకా ఎవరి పని వాళ్ళది.

పాలబండి డ్రైవరు క్యాన్లు ఎక్కిస్తూ రేకుల వైపు చూశాడు.

"మీకెన్ని వచ్చాయమ్మా?"

"ఐదు వచ్చుంటాయి" అంది కోడలు.

అతను వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. "ఆరున్నాయే" అన్నాడు. అని, నిన్న పాలలో వెన్న తక్కువ వచ్చిందని, వారం ముందే కొంగలు దిగిన పై ఊళ్ళో కిరాణా కొట్టు పెద్దావిడ వాటితో వెళ్ళిపోయిందని ఒకే గొంతుతో చెప్పి బండి స్టార్ట్ చేశాడు.

ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. మామగారు, ఆయన కొడుకు, కోడలు, ఆరేళ్ళ కూతురు చిట్టి. ఐదోవాడు గడ్డి మనిషి. వాణ్ణి అందరూ చిన్నాయన అంటారు. ఇరవై ఏళ్ళ కిందట కొంగలతో వెళ్ళిన మామగారి తమ్ముడి నీలం చొక్కా వాడి ఒంటి మీద ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ ఏడు వరస పెట్టింది మామగారే. గడ్డి మనిషి ముందురోజు వానకి తడిసి ముద్దైపోతే, పర్వాలేదులే అని తమ్ముణ్ణి చివర నిలబెట్టాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోడు. కోడలికి మాత్రం ఒకసారి, ఆవుకి దాణా కలుపుతూ చెప్పాడు.

వరసలో మొదటి కొంగకి మెడ కొంచెం ఎడమవైపు వంగి ఉంటుంది. తమ్ముడి తలా అలాగే ఉండేదట. "మొదటి ఏడు నన్ను గుర్తుపట్టాడు. చాలాసేపు చూశాడు" అన్నాడు మామగారు ఆ రోజు. "తరవాత నుంచి లేదు. మరిచిపోతారనుకుంటా."

మొగుడికి ఈ గడ్డి వ్యవహారం ఎప్పుడూ నచ్చేది కాదు. ఇప్పటికి తళతళలాడే రిబ్బన్లు కట్టాడు, డబ్బాలు వేలాడదీశాడు, పటాసులు కాల్చాడు. పటాసులకి ఎర్రావు గుంజ పెరుక్కుని రెండు మైళ్ళు పారిపోయింది గానీ కొంగలు మెడ కూడా తిప్పలేదు. పోయినేడు హార్డ్‌వేర్ కొట్లో బ్యాటరీ గుడ్లగూబని కొన్నాడు. కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, రెండేళ్ళ గ్యారంటీ. ఒక కొంగ దాని తల మీద నిలబడి వారమంతా గడిపింది. ఇప్పుడా గుడ్లగూబ చిట్టి బొమ్మల్లో ఉంది.

ఆరో కొంగ గురించి మామగారు అవి వచ్చిన రోజే అడిగాడు. దారి తప్పి పక్కింటిది వచ్చుంటుందని కొడుకు తేల్చేశాడు. కోడలు బిందె తీసుకుని బావి వైపు వెళ్ళింది. ఆమెకి మూడో నెల.

అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండుసార్లూ తెలిసిన రోజే ఇల్లంతా సంబరపడింది. మామగారు అటక మీది ఉయ్యాల దింపి మేకులు బిగించాడు. రెండుసార్లూ తనే దాన్ని మళ్ళీ అటకెక్కించాడు. ఆ ఉయ్యాల మూడోసారి దిగి మూడోసారి ఎక్కడం చూడలేనని, ఐదో నెల వచ్చేదాకా మొగుడితో కూడా అనకూడదని ఆమె గట్టిగా అనుకుంది. వాంతులొస్తే కొట్టంలోకి పోయేది. ఆవులకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆరో కొంగ మిగతావాటిలా వరసలో ఉండేది కాదు. కోడలు బావి దగ్గరికి వెళ్తే ఆ వైపు తిరిగేది. వంటింట్లోకి వస్తే వంటింటి కిటికీకి ఎదురుగా జరిగేది. బట్టలు ఆరేస్తూ ఒకసారి తలెత్తి చూస్తే అది ఆమె ముఖంలోకి చూడటం లేదు, అంతకంటే కిందికి చూస్తోంది. ఆమె చేతిలోని దుప్పటి జారిపోయింది. ఆ పూటంతా దుప్పటో తువ్వాలో పొట్టకి అడ్డం పట్టుకునే తిరిగింది.

ఆరో రోజు సాయంత్రం ఇంటిపెద్ద ప్రతి ఒక్కరినీ అడగాలి. ఇంట్లో ఎంతమందిమని. ఎవరు చెప్పింది వాళ్ళ మాటగా తీసుకోవాలే తప్ప గుచ్చి గుచ్చి అడగకూడదు. ఆ లెక్కని బట్టి గడ్డి కడతారు. మామగారు కొడుకుని అడిగాడు, చిట్టిని అడిగాడు. గుడ్లగూబతో కలిపి ఐదుగురమని చిట్టి చెప్పింది. తరవాత పాలు పితుకుతున్న కోడలి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంట్లో ఎంతమందిమి, అమ్మా?"

పాలధార ఆగింది. చెబితే పదినిమిషాల పని. ఇంకో చిన్న గడ్డి మనిషిని కట్టి చివర పెడతారు. కానీ చెబితే ఆ సాయంత్రమే ఉయ్యాల దిగుతుంది. ఆమెకి అటక మీంచి దుమ్ము రాలిన చప్పుడు కూడా వినబడింది.

"నలుగురమే, మామయ్యా."

మామూలుగా ఒకసారే అడగాలి. ఆయన రెండోసారి అడిగాడు. ఆమె అదే జవాబు చెప్పింది. సరేనని వెళ్ళిపోయాడు. కుడి మోకాలు నొప్పికి ఆ కాలు నేలకి రాసుకుంటూ నడిచే చప్పుడు కొట్టం చివరిదాకా వినిపించింది.

పొద్దున్నే చెప్పేద్దామని ఆమె తెల్లారుతూనే లేచింది. అప్పటికే కొంగలు పెరట్లో ఉన్నాయి.

వరసలో మామగారు, కొడుకు, కోడలు, చిట్టి, చివర చిన్నాయన. ఎదురుగా ఐదు కొంగలు ఐదుగురి ముందు కుదురుగా నిలబడ్డాయి. ఆరోదాని ముందు ఖాళీ నేల ఉంది. అది ఆ నేలని చూసింది. తరవాత మెల్లగా నడుస్తూ గడ్డి మనిషిని దాటింది, చిట్టిని దాటింది. కోడలి ముందు ఆగి, మెడ వంచి, ముక్కు ఆమె పొట్టకి జానెడు దూరంలో పెట్టింది.

ఆమె కాళ్ళు తమంతట తామే ముందుకి ఒక అడుగు వేశాయి.

"ఎన్నో నెల, అమ్మా?" అన్నాడు మామగారు, తల తిప్పకుండానే.

"మూడు."

"నిన్న అడిగాను కదా."

"భయమేసింది, మామయ్యా."

మొగుడు ఆమె వైపు తిరిగాడు. మామగారు వరసలోంచి బయటికి వచ్చి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. పై గుండీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టేదే, అప్పుడూ పెట్టింది. చొక్కా విప్పి మడతపెట్టి కోడలి చేతిలో పెట్టాడు.

"చిన్నాయన చొక్కా చివికిపోయింది. వచ్చే ఏటికి ఇది తొడగండి. ఉతకొద్దు."

కొడుకు ముందుకు రాబోతే చేత్తో ఆపాడు. ఎర్రావు ఈ వారంలో ఈనుతుందని, దూడ అడ్డం తిరిగితే సొంత వైద్యం చెయ్యకుండా డాక్టర్ని పిలవమని చెప్పాడు. చిట్టి తల నిమిరాడు. కోడలికీ కొంగకీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

కొంగ ఆయన్ని ఒక కంటితో చూసింది. తల తిప్పి రెండో కంటితో చూసింది. తరవాత ఆయన రొమ్ము మీద ముక్కు ఆనించి వెనక్కి తిరిగింది. ఆయన దాని వెనకాల, కుడికాలు ఈడ్చుకుంటూ, పాలు పోయడానికి వెళ్ళేవాడిలా గేటు దాటాడు. మెడ వంగిన కొంగ కూడా పక్కనుంచే వెళ్ళింది గానీ ఆయన వైపు చూడలేదు.

నెలరోజులు మొగుడు ఆమెతో మాట్లాడలేదు. ఒకనాడు తనే అటకెక్కి ఉయ్యాల దింపాడు. మేకులు బిగిస్తూ బిగిస్తూ ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని మేకులు అందించింది. పిల్లవాడు నెలలు నిండాకే పుట్టాడు, పుట్టగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

మరుసటి ఏడు కొంగలు సరిగ్గా ఐదు వచ్చాయి. చిన్నాయనకి మామగారి చొక్కా తొడిగారు. ఏడో రోజు పెరట్లో దిగి వరస కడుతుంటే, చివరి కొంగ కుడికాలు నేలకి రాసుకుంటూ వచ్చింది. ఆ చప్పుడుకి కోడలు చంకలోని పిల్లవాణ్ణి గట్టిగా అదుముకుంది.

అది గడ్డి మనిషిని పొడవలేదు. చొక్కా పై గుండీ వైపు చూసింది. తరవాత నెమ్మదిగా కోడలి దగ్గరికి వచ్చి, ఆమె చంకలోని పిల్లవాడి మీదికి మెడ వంచింది.

"ఆరో నెల, మామయ్యా" అంది ఆమె.

కొంగ ఒక కంటితో చూసింది. రెండో కంటితో చూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి వెళ్ళి, గడ్డి మనిషి జేబులోంచి ఒక్క పోచ లాగి, రెక్కలు విప్పింది. మిగతావీ దాని వెంటే లేచాయి. చిట్టి చప్పట్లు కొట్టింది.

కోడలు మాత్రం కదల్లేదు. మొదటి ఏడు నన్ను గుర్తుపట్టాడు, తరవాత నుంచి లేదు, అన్న మామగారి మాట ఆమె చెవుల్లో తిరుగుతోంది. పిల్లవాడు చంకలోంచి వంగి, రెల్లుపొదల వైపు రెండు చేతులూ చాపి, దించమని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. వచ్చే ఏటికి వాడికి నడక వస్తుంది.