గాలి తీసే మర

పని నేను చేసేదాన్ని. చొక్కాకి డీజిల్ మాత్రం మా ఆయన పూసుకునేవాడు.

మాది సరుకులు తోలే పికప్. దాని డీజిల్ ఫిల్టరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎవరూ లేవకముందే ఇంటి వెనక గోడ చాటున, బానెట్ ఎత్తి, నేనే మార్చేదాన్ని. మా నాన్న మెకానిక్కు. పెళ్లయ్యేదాకా ఆయన షెడ్డులోనే పెరిగాను. నేను చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్లాక మా ఆయన పాత ఫిల్టరు తీసుకుని, దానికున్న జిడ్డంతా చొక్కాకి తుడుచుకుని, వీధిలోకి నడిచేవాడు. స్టాండులో డ్రైవర్లు ఆయన్ని డాక్టరంటారు. ఆ చొక్కా మూడుసార్లు ఉతికినా వాసన పోదు. ఉతికేదీ నేనే.

పదకొండేళ్లు ఇదే తంతు. మొదట్లో ఒకసారి అడిగాను, నేను చేశానని చెప్తే ఏమవుతుందని. "ఆడది చెయ్యి పెట్టిన బండంటే సరుకెవడు ఎక్కిస్తాడే? అయినా నీకొచ్చిందెంత, మీ నాన్నకి స్పానర్లు అందించావు, అంతేగా" అన్నాడు. పక్కనుంచి మా అత్తగారు, "వాడి పేరు నిలబడితే నీది నిలబడ్డట్టు కాదుటే" అన్నారు. పొయ్యి మీంచి కూర దించుతూ విన్నాను. దించింది కూరనే. ఆ మాటల్ని ఈ పదకొండేళ్లలో ఎక్కడా దించలేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మరిది తను కొత్తగా కొన్న పాత పికప్ తోలుకొచ్చాడు. ఎత్తు ఎక్కడం లేదట, ఉండుండి ఆగిపోతోందట. వెంట స్టాండు వాళ్లు నలుగురు దిగారు. "అన్నయ్యా, నీ పనితనం అందరూ చెప్పడమే గానీ నేను చూసిందే లేదు" అన్నాడు. మా ఆయన ఓరగా నావైపు చూసి, "ఫిల్టరు పూడుకుపోయుంటుంది. బండి ఇక్కడ వదిలెళ్లు, రేప్పొద్దున మార్చేస్తా" అన్నాడు.

"రేపటిదాకా ఎందుకండీ?" అన్నాను. "కొత్త ఫిల్టరు ఇంట్లోనే ఉందిగా, ఈ బండికీ అదే. మీకు పావుగంట పని."

నా గొంతు అంత తియ్యగా పలకగలదని నాకే తెలియదు. నేనే కుర్చీలు వేశాను. నేనే టీలు ఇచ్చాను. వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన పాతది విప్పాడు, పాదాల నిండా డీజిల్ పోసుకున్నాడు, కొత్తది బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజను గరగరమంది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. ఫిల్టరు మార్చినప్పుడు గొట్టంలోకి గాలి దూరుతుంది, అది బయటికి పోతేగానీ బండి కదలదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నా చేతులు దురదపెట్టాయి. వాటిని కుళాయి కింద పెట్టి టీ గ్లాసులు కడిగాను, ఒక్కొక్కటే. ఇంత నిదానంగా గ్లాసులు కడుక్కోవడం ఆ ఇంట్లో నాకెప్పుడూ కుదరలేదు.

"డాక్టరుగారూ, పేషెంటు కళ్లు తెరవట్లేదే" అన్నాడొక డ్రైవరు. అందరూ నవ్వారు.

మంచినీళ్ల వంకతో ఆయన లోపలికొచ్చాడు. "ఏదో మర్చిపోయానే. ఇక్కణ్ణించే చెప్పు, నేను చేసేస్తా."

"కిటికీలోంచి నాకేం కనిపిస్తుందండీ?"

"పరువు పోతుందే."

"ఎవరిది?"

ఆయన కిటికీలోంచి బయట కూర్చున్నవాళ్ల వైపు చూశాడు. "సరే, రా" అన్నాడు.

వెళ్లాను. మా అత్తగారు గుమ్మంలోంచి, "మగాళ్ల మధ్య నీకేం పనే" అంటూనే ఉన్నారు. మా ఆయన స్పానరు నాకు అందించబోయాడు. నేను తీసుకోలేదు.

"ఇన్నేళ్లూ నేనే మార్చాను. ఈయనకి నేర్చుకునే అవకాశం రాలేదు" అని మరిదితో చెప్పి, ఆయన వైపు తిరిగాను. "ఫిల్టరు పైన గాలి తీసే చిన్న మర ఉంది చూడండి. అరచుట్టు వదులు చెయ్యండి. ఇప్పుడా పక్కనున్న చేతిపంపు నొక్కండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన నొక్కుతుంటే మర పక్కనుంచి డీజిలు, దాంతో బుడగలు బుసబుసమని వచ్చాయి. పదిసార్లు నొక్కి ఆగాడు. చెమట కారుతున్న మొహం ఎత్తి, ఇక చాలనవే అన్నట్టు చూశాడు. బుడగలింకా వస్తున్నాయి. అందరూ నాకేసే చూస్తున్నారు.

"ఆపమని నేను చెప్పలేదు" అన్నాను. "నొక్కు."

నొక్కాడు.