చుక్కమ్మ ఎలా ఉంది?

అతను ఇస్త్రీపెట్టె మూత తెరిచి, బూడిద ఊది, మళ్లీ నిప్పులు నింపుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మెట్ల కింద అదే బల్ల, అదే పని. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారిపోయింది. ఎవరి చొక్కాకి ఏ గుండీ ఊడిందో చూడకుండా చెప్పగలడు. ఈ పొద్దున మాత్రం పై అంతస్తు పెద్దావిడ దుప్పటి దగ్గర చెయ్యి ఆడడం లేదు. సాయంత్రం ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంది. రాగానే మెట్ల దగ్గర ఆగి అడుగుతుంది: "చుక్కమ్మ ఎలా ఉంది?"

చుక్కమ్మ ఆవిడ పెంపుడు కోడి. ఒళ్లంతా తెల్లచుక్కలు. పేరు పెట్టి పిలిస్తే మంచం కిందనుంచి వచ్చి ఒళ్లో కూర్చునేది. ఆసుపత్రికి వెళుతూ దాన్ని గంపతో సహా ఇతని చేతిలో పెట్టి, "నువ్వైతే జాగ్రత్తగా చూస్తావు నాయనా" అంది.

పది రోజులు చూశాడు. పదకొండో రోజు గంప మీద రాయి పెట్టడం మరిచిపోయాడు. కుక్క నోట్లోంచి లాక్కునేసరికి కోడికి మెడ వాలిపోయింది. కొన ఊపిరి మాత్రం ఉంది.

"ఎలాగూ పోతోంది. మట్టిలో పెడితే ఎవరికి లాభం?" అంది భార్య, కత్తి అందిస్తూ.

నిజమే అనిపించింది. వారం వారం కోడికూర తినే మనిషే. అయినా కత్తి పెట్టేముందు నోరు జారి "చుక్కమ్మా" అన్నాడు. అది కళ్లు తెరిచి చూసింది.

అయిష్టంగా తిన్నా బాగుండేది. ముక్క మెత్తగా, కమ్మగా ఉంది. రెండోసారి తనే కంచం ముందుకు జరిపాడు. మూడు రోజులుగా అదే గొంతుకు అడ్డం పడుతోంది.

"పారిపోయిందని చెప్పు" అంది భార్య, మధ్యాహ్నం వడ్డిస్తూ.

"పిలిస్తే ఒళ్లోకొచ్చేది ఎక్కడికి పారిపోతుందే?"

"అయితే కుక్క పట్టిందను. సగం నిజమేగా."

"ఆ మిగతా సగమేనే నా బాధ."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి కంచంలో మజ్జిగ పోసింది.

చెప్పేద్దామనే తీర్మానించుకున్నాడు. తిడితే తిట్టనీ, గడప తొక్కనివ్వకపోతే మానె. బట్టలు మడుస్తూ మాటలు కూడబలుక్కున్నాడు. 'అమ్మా, తప్పు నాదే...' ఆ తరవాతి మాట ఎంతకీ నోటికి రాలేదు.

సాయంత్రం ఆవిడ కూతురు ఒక్కతే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"దుప్పటి ఇస్తారా? అమ్మకి కప్పాలి" అంది. "మధ్యాహ్నం పోయిందండీ. ఇంటికని అన్నీ సర్దుకుని మంచం మీద కూర్చుంది. అలాగే ఒరిగిపోయింది."

అతనికి ముందు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, ఇక చెప్పక్కర్లేదు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడి, దుప్పటి తీసి మళ్లీ మడతపెట్టాడు.

ఆమె సంచిలోంచి చిన్న మూట తీసింది. "ఇది చుక్కమ్మకి. అమ్మ రోజూ తన అన్నంలో ఇంత మిగిల్చి కిటికీలో ఎండబెట్టేది. నర్సులు కోప్పడినా వినలేదు. కోడిని మీరే ఉంచుకోండి. మీ దగ్గరైతే దానికి హాయి."

నోరు తెరిచాడు. "అలాగేనమ్మా" అన్న మాటే బయటికొచ్చింది.

దుప్పటి తీసుకుని ఆమె వెళ్లిపోయింది. బల్ల మీద ఆసుపత్రి కట్టుగుడ్డతో రెండు ముడులు బిగించిన మూట ఉంది, గుప్పెడంత, లోపల ఎండిన మెతుకులతో, వేలు తగిలితే గలగలమంటూ.