పదిహేడో లెక్క

ఇంట్లో ఆ అమ్మాయిని జడ్జిగారు అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మే. పదహారో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ ఎదురుపడిన ప్రతి మనిషి మీదా వాదనలు వినకుండా తీర్పు ఇచ్చేయడం అలవాటైపోయింది. నోటితో ఏమీ అనదు. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేపుతుంది, అంతే. శిక్ష పడినవాళ్ళకి పడిందన్న సంగతి కూడా తెలియదు.

ఆ శనివారం పొద్దున జడ్జిగారు మంచం మీద బోర్లా పడుకుని, రబ్బరుతో రుద్ది రుద్ది చిల్లి పడిన ఒక పేజీ వంక చూస్తోంది. సోమవారం కాలేజీ తెరుస్తారు. చేరినది లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ గ్రూపు. రెండేళ్ళపాటు తల ఎత్తనివ్వదని పేరు మోసిన కోర్సు. సీటు ఇచ్చిన రోజే కాలేజీవాళ్ళు ఒక వర్కుబుక్కు చేతిలో పెట్టి, అందులోని నలభై లెక్కలూ సెలవుల్లో చేసుకు రమ్మన్నారు. చెయ్యలేమనుకున్నవాళ్ళు గ్రూపు మార్పు ఫారం నింపి, వర్కుబుక్కుతో సహా ఈ శనివారం సాయంత్రం నాలుగింటిలోగా ఆఫీసులో ఇచ్చెయ్యొచ్చు. నాలుగు దాటితే ఏడాది వరకు కదలడానికి లేదు.

ముప్పై తొమ్మిది వచ్చాయి. పదిహేడోది రాలేదు. నింపిన ఫారం దిండు కింద ఉంది.

లెక్క చూడబోతే చంటిపిల్లల లెక్కలా ఉంది. నలభై మీటర్ల ఎత్తున్న మేడ మీంచి ఒకడు బంతిని సెకనుకి పది మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరాడు. ఎన్ని సెకన్లకి అది నేలకి తగులుతుంది? మొదటి రోజు పది నిమిషాల్లో నాలుగు సెకన్లని తేల్చింది. పుస్తకం వెనక జవాబుల పేజీలో రెండు అని ఉంది. చెరిపేసి మళ్ళీ చేసింది. నాలుగు. పన్నెండు రోజుల్లో పదకొండుసార్లు చేసింది, పదకొండుసార్లూ నాలుగే. ఇన్నిసార్లు ఒకే తప్పు చేసే బుర్ర ఆ గ్రూపుకి పనికిరాదని తన మీద కూడా తీర్పు ఇచ్చుకుంది. జడ్జిగారికి పక్షపాతం లేదు మరి.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, అడగదగ్గ మనిషి కనిపిస్తేగా. పెద్దమ్మ కూతురు అదే కాలేజీలో రెండో ఏడు. యుద్ధం నుంచి సెలవు మీద వచ్చిన సిపాయిలా తిరుగుతుంది. మొన్న ఇంటికొచ్చి, నిద్ర అన్న మాట మర్చిపొమ్మనీ, జుట్టు రాలడం మొదటి నెల్లోనే మొదలవుతుందనీ గంటసేపు చెప్పింది. చెప్పినంతసేపూ తన ఫోటో తనే చూసుకుంటూ కూర్చుంది. జుట్టు మాత్రం ఒత్తుగానే ఉంది.

నాన్న బీమా ఆఫీసులో ఫైళ్ళు తనిఖీ చేస్తాడు. గోడకి టైం టేబులు అంటించాడు. అందులో ఉదయం ఐదు నుంచి ఐదుంపావు వరకు "ఉత్సాహం" అని రాసి, ఎర్ర ఇంకుతో గీత గీశాడు. ఉత్సాహానికి పావుగంట కేటాయించిన మనిషిని బంతి గురించి ఏమడుగుతాం?

ఇక అమ్మ. ఈ కోర్సులో చేరిన పిల్లలు సన్నబడిపోతారని ఎవరో చెప్పారట, నెలరోజులుగా ముందుజాగ్రత్తగా మేపుతోంది.

ఫారం మీద తండ్రి సంతకం కావాలి. అదేం కష్టం కాలేదు. ఆఫీసులో కామా చూడందే కాగితం వదలని ఆ మనిషి, ఇంట్లో ఏది ముందు పెట్టినా సంతకం పెట్టేస్తాడు. ప్రోగ్రెస్ కార్డుల రోజుల నుంచీ అదే వరస. పొద్దున బూటు లేసు కట్టుకుంటుంటే మోకాలి మీద కాగితం పెట్టింది. టైం టేబులు పాటిస్తున్నావా అని అడుగుతూ గీకేశాడు. అలా ఒక్కసారి కూడా చదవకుండా, ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్న సీటుని ఆయనే వదిలేశాడు. జడ్జిగారికి కాసేపు నవ్వొచ్చింది. తరవాత రాలేదు.

ఫారానికి మార్కుల లిస్టు కాపీ జతచెయ్యాలి. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు బాబాయిదే, అంటే నాన్నకి తమ్ముడు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన కూడా ఇదే కోర్సులో చేరి, మొదటి ఏడాది సగంలో మానేశాడు. అప్పట్నుంచీ ఆ కుటుంబంలో ఏ పిల్ల పుస్తకం ముందు ఆవలించినా ఆయన పేరే ఎత్తుతారు. జడ్జిగారి కోర్టులో అందరికన్నా పాత ముద్దాయి ఆయనే. ఎప్పుడూ నోట్లో పెన్ను మూత నములుతూ ఉంటాడు, కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడుతుంటుంది. ఫారం సంగతి ఆయనకి తెలిసిపోతుందన్న భయం కూడా ఆమెకి లేదు. బాబాయి ఏమనుకుంటే ఎవరిక్కావాలి?

మూడింటికి షాపు చేరింది. లోపల వేడి కాగితం వాసన. బాబాయి మార్కుల లిస్టు అందుకుని అద్దం మీద బోర్లించాడు. ఫారం చదివినట్టు కనిపించలేదు. చదవకుండానే చూసేయడం ఆ వృత్తిలో మొదట వచ్చే విద్య.

"పుస్తకం కూడా ఇచ్చేస్తున్నావా?" అన్నాడు.

"ఇవ్వాలట."

చెయ్యి చాపి తీసుకున్నాడు. ఎక్కువగా తెరిచిన చోటే పుస్తకం దానంతటదే తెరుచుకుంది. చిల్లిలోంచి వేలు పెట్టి ఆడించాడు.

"పదిహేడోదేగా."

కనుబొమ్మ లేవబోయి ఆగింది. "నీకెలా తెలుసు?"

బాబాయి బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. పాడైన కాపీలన్నీ అందులో పడేసి, తీరిక దొరికితే వెనకవైపు ఆ వర్కుబుక్కు లెక్కలే చేసి చూసుకుంటాడు. అందులోంచి ఏడెనిమిది కాగితాలు ఏరి బల్ల మీద పరిచాడు. అన్నీ వర్కుబుక్కులో అదే పేజీ. చేతిరాతలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ఈ వారమంతా పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు తెచ్చి కాపీలు తీయించుకుంటున్నారట. అలాంటి పిల్లలంటే ఆమెకి మొదటి నుంచీ పరమ అసహ్యం. ఆ అసహ్యంతోనే వంగి చూసింది.

ప్రతి కాగితంలోనూ పదిహేడో లెక్క కింద రెండు అని గుండ్రంగా రాసి ఉంది. దాని వెనక బూడిదరంగు మరక. పెన్సిలు గీతని రబ్బరుతో తుడిస్తే మన కంటికి పోతుంది కానీ మిషను కంటికి పోదు. మరకలోకి పరీక్షగా చూస్తే నాలుగు అంకె కనిపించింది. రెండో కాగితంలోనూ నాలుగే. మూడో దాంట్లోనూ.

"అందరికీ నాలుగే వచ్చింది. అందరూ చెరుపుకున్నారు," అన్నాడు బాబాయి. "నీ అంత గట్టిగా మాత్రం ఎవరూ చెరపలేదు."

"వెనక రెండని ఉంది."

"ఉంటే?"

"అచ్చులో ఉంది బాబాయ్."

ఆ మాట బయటికి వచ్చాక ఎలా ఉందో ఆమెకే వినిపించింది. నాన్న మాట నమ్మదు, అక్క మాట నమ్మదు, అమ్మ పెట్టే తిండిని కూడా అనుమానంగా చూస్తుంది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు అచ్చేసిన ఒక్క అంకెకి మాత్రం పన్నెండు రోజులుగా తల వంచుకుని కూర్చుంది.

బాబాయి నోట్లోంచి పెన్ను మూత తీశాడు. "మేడ మీంచి నువ్వే విసిరావనుకో. పైకి. రెండు సెకన్లయ్యేసరికి బంతి ఎక్కడుంటుంది?"

ఒక సెకను పైకి, ఒక సెకను కిందికి. గోరుతో బల్ల మీద గీసుకుంది. "నా చేతి దగ్గరికే వస్తుంది."

"మరి నీ చేతి కింద ఉన్న నలభై మీటర్లూ ఎవరు దిగుతారు, మీ నాన్నా?"

ఆమె నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"కిందికి విసిరితే రెండు వస్తుంది," అన్నాడాయన. "రాసినవాడు పైకి అని మొదలుపెట్టి, జవాబు దగ్గరికొచ్చేసరికి కిందికి విసిరేశాడు. పాపం, ఆకలేసిందేమో."

"వీళ్ళకెందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. జిరాక్సువాణ్ణి లెక్క ఎవరడుగుతారు?" ఎత్తిపొడుపేమీ లేకుండా, షాపు ఎన్నింటికి మూస్తానో చెప్పినట్టు చెప్పాడు.

మిషను మార్కుల లిస్టు కాపీని బయటికి తోసింది. బాబాయి దాన్ని ఫారం పక్కన పెట్టి పిన్ను కోసం వెతకడం మొదలుపెట్టాడు. గోడగడియారంలో మూడూ ఇరవై. కాలేజీ ఆఫీసు రోడ్డుకి అవతలే. ఆ పిన్ను దొరికేలోపు ఒక మాట అడగాలనిపించింది. చుట్టాలందరూ ఆయన గురించి ఎన్నోసార్లు చెప్పినదే, ఆయన్ని మాత్రం ఎవరూ అడగనిది.

"నువ్వెందుకు మానేశావు బాబాయ్?"

"ఒక లెక్క రాలేదు. ఎవర్నైనా అడుగుదామంటే, అప్పట్లో నాకు చుట్టూ అందరూ వెధవల్లాగే కనిపించేవాళ్ళు." పిన్ను దొరికింది. "ఇప్పుడూ కొంతమంది అలాగే కనిపిస్తారనుకో. కానీ ముందు అడుగుతాను, తరవాత అనుకుంటాను. గుచ్చనా?"

ఆమె ఫారం లాక్కుంది. తిరగేసి, బల్ల మీది పెన్ను తీసుకుని, ఖాళీగా ఉన్న వెనకవైపు మొదటి నుంచీ లెక్క చేసింది. పెన్సిలు కాదు, పెన్ను. మేడ, బంతి, నలభై, పది. ముందువైపు నుంచి నాన్న సంతకం లీలగా కనబడుతుంటే దాని మీదుగానే రాసుకుంటూ పోయింది. నాలుగు. చుట్టూ డబ్బా గీసింది, కాగితం చిరిగేలా.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "ఫారం పాడైపోయింది."

"పాడైనవి వేసే పెట్టె ఉందిగా."

తనే వంగి అందులో పడేసింది. మూడున్నర అయింది. రోడ్డుకి అవతల, కాలేజీ ఆఫీసు మెట్ల మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు చేతుల్లో కాగితాలతో నిలబడి ఉన్నారు. ఒకడి చంకలో వర్కుబుక్కు.

"బాబాయ్, వాళ్ళదీ పదిహేడోదేనంటావా?"

"నాకేం తెలుసు. వెళ్ళి అడుగు."

ఎదురుపడిన మనిషిని తనంతట తానుగా పలకరించడమంటే జడ్జిగారికి అంతకన్నా నామోషీ లేదు. కాసేపు అక్కడే నిలబడి, వాళ్ళ చొక్కాలనీ, వాళ్ళలో ఒకడు నోరు తెరుచుకుని గడియారం వైపు చూస్తున్న తీరునీ చూసింది. ఎడమ కనుబొమ్మ దాని పని అది చేసింది. అయినా బల్ల మీద పరిచిన కాగితాల్లోంచి మూడు తీసుకుని రోడ్డు దాటింది.

పది నిమిషాల్లో తిరిగొచ్చింది. ఒకడిది పదిహేడోదేనట, ఫారం చింపేశాడట. మిగిలిన ఇద్దరికీ అసలు లెక్కలంటేనే పడదట, అందుకని ఫారాలు ఇచ్చేశారట. ఆ ఒక్కడు కూడా థాంక్స్ చెప్పడానికి మూడుసార్లు నత్తి కొట్టాడని, అంత బుర్ర తక్కువవాడితో రెండేళ్ళు ఒకే క్లాసులో కూర్చోవాలా అని విసుక్కుంటూ వర్కుబుక్కు వెనక పేజీ తెరిచింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు బాబాయి.

"వెనక జవాబుతో కలిసిందంటే ఒప్పేననుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంకెన్ని తప్పులున్నాయో చూడాలిగా."

ఆయన స్టూలు ముందుకి తోశాడు. "దీని కాలొకటి వదులుగా ఉంది. గోడకి ఆనించి కూర్చో."

కూర్చుంది. ఒకటో లెక్క జవాబు మీద పెన్ను పెట్టి, కనుబొమ్మ లేపి, "దీనికి నీకెంతొచ్చింది బాబాయ్?" అని అడిగింది.