రాయి కింది బొగ్గు

సర్వే అయ్యేదాకా పునాదికి గడ్డపార ముట్టనివ్వనని నర్సింహమ్మ పట్టుబట్టింది. రుద్రారం దగ్గర ఆరు గుంటలు, అందులో వేసుకోవాలనుకున్నది రెండు గదులు. తాడు పట్టి ముగ్గు పోసుకుంటే అయిపోయేదానికి సర్కారు సర్వేయరెందుకని మేస్త్రీ నవ్వాడు. నవ్వనీ. ఆమె మీసేవలో దరఖాస్తు పెట్టి, రెండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి, సర్వేయర్ చంద్రకాంత్‌ను చెలక దాకా రప్పించింది.

చెలకకు పడమట గోదాము గోడ, తూర్పున పెంటయ్య బర్రెల కొట్టం. నర్సింహమ్మ మొగుడు లింగం ఆ గోదాములోనే హమాలీ.

గోడ మొదట్లో హద్దురాయి ఉంది. చంద్రకాంత్ అక్కడ గొలుసు పెట్టించి తూర్పుకు కొలిపించాడు. పాత కొలతల నక్షా చూసుకున్నాడు. కొలత పెంటయ్య కొట్టంలోకి తొమ్మిది అడుగులు పోయింది.

"మీ జాగ పెంటయ్య కొట్టం కిందున్నదమ్మా."

"తాత కాడికెళ్లి కొట్టం ఈడ్నే ఉన్నది సారూ!" పెంటయ్య అరిచాడు. "నా బర్రెలు దాన్ని మోసుకొని జరిగినయా?"

గోదాము మేనేజర్ రామలింగేశ్వరరావు అప్పటికే వచ్చి నిలబడ్డాడు. "ఏవమ్మా, నీ ఆరు గుంటలు నీకొచ్చాయిగా. కొట్టం అతను తీస్తాడు. సంతకం పెట్టేసి రేపే ముగ్గు పోసుకో."

ఈ గోదామోళ్ల పద్ధతే ఇది. పేదోడి భూమి మింగి, నేరం పక్క పేదోడి నెత్తిన పెడతారు. సంతకం పెడితే ఇల్లు లేస్తుంది. నర్సింహమ్మ పెన్ను అందుకోలేదు. పొద్దటి నుంచి లింగం ఒక్కసారి కూడా ఆ రాయి వైపు చూడకపోవడం ఆమె గమనించింది.

"ఏందయ్యా, నోట్లె ఏం వెట్టుకున్నవ్?"

"ఆ రాయి నేనే జరిపిన," అన్నాడు లింగం. "గోడ కట్టేటప్పుడు లారీ తిరుగుతలేదన్నరు. జెర పక్కకు వెట్టు, మల్ల పెడ్దమన్నరు. కూలికి పోయినోన్ని, పెకిలిచ్చిన. గోడ ఇటు జరిగింది, రాయిని గోడ పొంటి పాతిండ్రు."

"సొంత హద్దు కూలికి పీకినవా! నాలుగేండ్ల సంది నాకు జెప్పలే?"

"జెప్తే నువ్వు ఊకుంటవా? పని పోతదని భయపడ్డ."

"లింగం!" మేనేజర్ గొంతు పెంచాడు. "రేపు డ్యూటీకి రావాలని ఉందా, లేదా?"

చంద్రకాంత్ తల అడ్డంగా ఊపాడు. "నోటిమాట నేను రాయలేను. సాక్ష్యం కావాలె."

"ఉన్నది సారూ. పాతోళ్లు హద్దు పాతేటప్పుడు గుంతల బొగ్గు పోస్తుండె. నేను రాయి తీసిన గని బొగ్గు ముట్టలే. గోదాంలనే, గోడకు తొమ్మిది ఫీట్లు లోపట ఉంటది."

అది చంద్రకాంత్‌కూ తెలుసు. రాయిని ఎవడైనా జరుపుతాడు, మట్టిలో బొగ్గు చెడదు. అందుకే పోసేవాళ్లు.

"ఎవడూ లోపలికి రావడానికి వీల్లేదు," అన్నాడు మేనేజర్. "ప్రైవేటు ఆస్తి."

"మాది గుంజుకుంటే ప్రైవేటా?" నర్సింహమ్మ సర్వేయర్ వైపు తిరిగింది. "తవ్వనియ్యలేదని పంచనామల వెట్టు సారూ. ఈయన పేరు గూడ వెట్టు. అది రాయకుంటే నా సంతకం లేదు, పెంటన్నది లేదు."

"అసలే లేదు!" అన్నాడు పెంటయ్య.

లింగం గడ్డపార భుజాన వేసుకున్నాడు. "నా షిఫ్టు టైమైంది," అన్నాడు. మెడలోని కార్డు పెడితే గేటు తెరుచుకుంది. మేనేజర్ అరుస్తూ వెంట పరుగెత్తాడు. మిగతావాళ్లు గేటు దాకా వచ్చారు. లింగం గోడ నుంచి ఆరు మూరలు కొలిచి, నేలకు పరిచిన సిమెంటు పలకలు రెండు లేపి, మోచేయి లోతు తవ్వాడు. ఎర్రమట్టిలో నల్లటి ముక్కలు తేలాయి.

"నీ పని ఊడింది, బయటికి నడువ్!"

"ఊడనియ్," అన్నాడు లింగం, గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటూ. "కొలిచేదాక లెవ్వ."

సర్వేయర్ గేటు దగ్గరే తటపటాయిస్తున్నాడు. నర్సింహమ్మ గొలుసు కొస అందుకుని లోపలికి ఈడ్చుకుంటూ పోయి బొగ్గు మీద అదిమి పట్టింది.

"కొలువుండ్రి సారూ. ఈడికెళ్లి."

చంద్రకాంత్ నక్షా మళ్లీ విప్పాడు.