యేసన్న లేని కొండ

ఆదివారం తెల్లారగానే హనుమంతప్ప తువ్వాలు తలకు చుట్టుకుని ఎర్రకొండకు బయల్దేరడం, పొద్దు నెత్తికెక్కాక సగంలోంచే తిరిగి రావడం ఆ ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. యేసన్న ఉన్నన్నాళ్లూ స్నేహితులిద్దరూ మాటల్లో పడి ఎండ ముదరకముందే కొన చేరేవాళ్లు. యేసన్న జ్వరమొచ్చి పోయినప్పటి నుంచి కొండ పెరుగుతోంది. హనుమంతప్ప ఎంత ఎక్కితే అంత పైకి జరుగుతుంది.

"ఈ వారమూ పెరిగినాదా?" అంది భార్య సిద్దమ్మ, మబ్బు పట్టిందా అని అడిగినట్టు.

"పెరిగినాది. దానికి నా మీదేం పగ ఉండాదో!" అని చెప్పులు విసిరికొట్టాడు.

ఆ ఏడూ వానల్లేవు. చెనక్కాయ చేను ఎండింది, బోరు ఎండింది. చెప్పుకుందామంటే వినే మనిషి లేడు. ఆసుపత్రికి పోకుండా, అదే తగ్గుతుందిలే అని పడుకున్న యేసన్న మీదే అతని కోపమంతా.

మరుసటి ఆదివారం యేసన్న భార్య రూతు సద్దిమూటతో దారిలో నిలబడి ఉంది.

"నేనూ వస్తాన్నా. ఆయన ప్రార్థనకు రాకుండా ఆడికెందుకు పోతాండెనో చూడాల."

ఎక్కుతూ ఇద్దరూ యేసన్ననే తిట్టుకున్నారు.

"సూదేయించుకోమంటే వినకపాయె," అన్నాడు హనుమంతప్ప.

"ఇంటికొచ్చి చెప్పింటే వినేవాడు. నువ్వు మా గడప తొక్కితే కదా! సచ్చినదినం గూడా వీధిలోనే నిలబడుకొంటివి."

కొండ వాళ్ల కాళ్లకింద కొంచెం కొంచెంగా కుంగింది. ఎండ ముదరకముందే కొన వచ్చేసింది. చూస్తే బండలు, గాలి.

"ఈడ ఏం చేస్తాండిరన్నా?"

"సంగటి తింటాంటిమి. ఒకే గిన్నెలో."

"అంతేనా?"

"కింద తింటే మా కులపోళ్లు ఊరుకుంటారామ్మా?"

రూతుకు ఒళ్లు మండింది. "ముద్ద తినేదానికి కొండెక్కినారా! మీరూ మొగోళ్లే!" అని మూట విప్పి, సంగటి విరిచి, ఊరిబిండి పచ్చడి అద్ది చేతికిచ్చింది.

అతను ముద్ద ఎత్తేలోగా కొండ మళ్లీ దిగింది. తాటిచెట్టంత అయింది, మిద్దెంత అయింది, అరుగంత ఎత్తుకు వచ్చి ఆగింది. ఎదురుగా ఊరు. కొళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్లు, టీ అంగడి ముందు పేపరు చదువుతూ కులపెద్ద బాలప్ప. కొండ వచ్చిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరి చూపూ ఆ ముద్ద మీదే.

"ఏమప్పా," అన్నాడు బాలప్ప పేపరు మడిచి, "ఎవురి చేతి సంగటి అది?"

ఇన్నేళ్లూ హనుమంతప్ప ఏ మాట వస్తుందని భయపడి యేసన్నను కొండెక్కించాడో ఆ మాట రానే వచ్చింది. ముద్ద నోట్లో వేసుకుని మింగాడు.

"మా చెల్లెలిది," అన్నాడు. "కూచో మామా, నీకూ పెడతాది."

బాలప్ప లేచి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి కులంలో ఎవరూ హనుమంతప్పను పెళ్లికి పిలవలేదు, చావుకు పిలవలేదు. సిద్దమ్మ మాత్రం అప్పుడే బిందె కొళాయి కింద వదిలేసి వచ్చింది. రూతు పక్కన చతికిలబడి చెయ్యి చాపింది.

"నాకూ ఒక ముద్ద పెట్టుమ్మా."