గట్టు మీద జరిగిన గ్రామసభ

మా సిరసపాలెంలో నా చేతిలో కాగితం కనిపిస్తే చాలు, ఆడవాళ్లు బొటనవేలు చాపేసేవారు. పదకొండేళ్లు ఉపాధి పనికి ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేశాను. పొద్దున్నే కూలీల హాజరు రాసే మస్టరు పట్టుకుని పని దగ్గరికి వెళ్లడం, పలుగూ పారా కింద పెట్టించి వరసగా వేలిముద్రలు వేయించడం, ఫొటో తీసి ఎక్కించడం. ఆ కాగితంలో ఏముందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నానాజీ కాగితం తెచ్చాడంటే పని దొరికినట్టే. ఇదంతా నా మీద నమ్మకం అనుకుని మీసం మెలేసుకు తిరిగేవాణ్ణి. నమ్మకమే. అందుకే ఇప్పుడు అద్దంలో మొహం చూసుకోబుద్ధి కావడం లేదు.

ఊరు అనకాపల్లికి అంటుకునే ఉంటుంది. చెరకు తోటల్లో సగం ఇప్పటికే లేఅవుట్లయి, రంగురంగుల రాళ్లు లేచాయి. కిందటేడు మా పంచాయతీని పట్నంలో కలుపుతామని కబురొచ్చింది. ఉన్నపళంగా కలిపేయం, కూర్చుని మాట్లాడుకుందాం, మీ షరతులేమిటో చెప్పండి అన్నారు పట్నం అధికారులు. నిజానికి వాళ్లు మర్యాదస్తులు. కుర్చీలు వేశారు, టీలు ఇచ్చారు, మేం చెప్పిన ప్రతి ముక్కా రాసుకున్నారు. తప్పు వాళ్ల మీదకి నెట్టేద్దామంటే నాకు ఆ సందు కూడా దొరకలేదు.

మా తరఫున మాట్లాడింది సర్పంచి త్రినాధరావు. నాకు వరసకి మామ. హైవే పక్కన మూడెకరాలున్నాయి ఆయనకి, కాబట్టి పట్నంలో కలవాలన్న తొందర కూడా ఉంది. పక్కన రాసుకోవడానికి నేను. మూడుసార్లు కూర్చున్నాం. ఐదేళ్లదాకా ఇంటి పన్ను పెంచకూడదన్నాం, ఒప్పుకున్నారు. పశువుల పాకలకి పన్ను వేయకూడదన్నాం, ఒప్పుకున్నారు. శ్మశానం జోలికి రాకూడదన్నాం. వార్డు బోర్డు మీద సిరసపాలెం అన్న పేరు ఉండి తీరాలని పట్టుబట్టాం. ఆ పేరు పైన రాయాలా, కింద రాయాలా అన్నదానికే గంట పట్టింది. ఊరి పరువు కాపాడినవాళ్లలా మొహాలు వెలిగించుకుని బయటికొచ్చాం.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. పట్నంలో కలిసిన ఊరికి ఉపాధి పని ఉండదు. ఆ పథకం పల్లెలకే. మామకి అది తట్టకపోయి ఉండొచ్చు, ఆయన ఇంట్లో ఎవరూ పలుగు పట్టరు. నాకు మాత్రం తెలుసు. రెండు వందల పద్దెనిమిది మంది కూలీల పేర్లు ఇంటి పేర్లతో సహా నోటికొచ్చినవాణ్ణి. వాళ్లకి వేరే పని చూపించాకే కలపండి అని అడగాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడోసారి కూర్చున్నప్పుడు అడుగుదామని గొంతు కూడా సవరించుకున్నాను. ఇంతలో మామ నా భుజం మీద చెయ్యేసి, ఊరు కలిసిపోతే మావాడి ఉద్యోగం పోతుంది, వీడికో దారి చూపించండి అన్నాడు. శానిటేషన్ సూపర్‌వైజరుగా తీసుకుంటామన్నారు. సవరించుకున్న గొంతుతో థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

తర్వాత గ్రామసభ పెట్టాలి. షరతులన్నీ చదివి వినిపించి, ఊరి ఒప్పుదల తీర్మానం పుస్తకంలో ఎక్కించాలి. ఉపాధి పని ఉండదన్న సంగతి అందులో తొమ్మిదో అంశంగా అధికారులే స్పష్టంగా రాయించారు. చాటింపు వేయించాం. పనులు మానుకుని ఎవరొస్తారు? ఇరవై మూడు మంది వచ్చారు, అందులో నలుగురు టీ కోసం. ఇంత తక్కువ మందితో తీర్మానం చెల్లదు. అప్పుడు మామ నా చెవిలో చెప్పాడు.

"జనం ఇక్కడికి రాకపోతే ఏటయిపోనాది? పుస్తకం పని కాడికే అట్టుకెళ్లిపో. నీ సేతిలో కాయితాన్ని కాదనేవోళ్లెవులు?"

మర్నాడు కాలవలో పూడిక తీసే పని. మస్టరు కింద తీర్మానం పుస్తకం పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ఎప్పటిలాగే వరస కట్టారు. ముందు పైడితల్లి పిన్ని. ఆ గ్రూపుకి పెద్ద ఆవిడే. మా పక్కిల్లు, రక్తసంబంధం కాదు, వరసకి పిన్ని. మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టిన ఎనిమిది నెలలూ మా ఇద్దరికీ వండి పెట్టింది. అమ్మ పోయాక కూడా నేను పనికి వెళ్లి వచ్చేసరికి తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసేది, ఏం తింటున్నానో అని. మగడు లేడు, పిల్లల్లేరు. ఏడాదికి ఆ వంద రోజుల పనే ఆవిడ తిండి.

మస్టరు మీద వేలు వేసి, రెండో పుస్తకం చూసి ఆగింది.

"ఇయ్యాల రెండు కాయితాలేటి నానాజీ?"

"ఒకటి మనకి, ఒకటి పట్నానికి పిన్నీ."

అబద్ధం కాదు. అంత జాగ్రత్తగా అబద్ధం కాకుండా చూసుకున్నందుకే ఎక్కువ సిగ్గేస్తుంది. పిన్ని వేలు వేసింది. ఆవిడ వేసిందని వెనక నిలబడ్డ దేముడమ్మ వేసింది, దేముడమ్మ వేసిందని తక్కినవాళ్లు వేశారు. గంటలో గ్రామసభ అయిపోయింది. వెనక్కి వస్తూ దారిలో ఒకచోట సోడా కూడా తాగాను.

వేసవి మొదట్లో అభ్యంతరాలు వినడానికి పట్నం నుంచి ఒక అధికారిణి వచ్చారు. స్కూలు ఆవరణలో షామియానా వేశాం. ఆవిడ ఆఫీసు తెలుగులో గబగబా షరతులు చదువుతుంటే మామ ఒక్కోదానికీ తలాడించాడు. ఎవరైనా ఏమైనా అడగాలా అంటే పైడితల్లి పిన్ని లేచింది. కాలవ పని ఈ ఏడు ఎప్పుడు మొదలెడతారని అడిగింది. అధికారిణి తెల్లబోయారు. పట్నంలో కలిశాక ఉపాధి పని ఉండదమ్మా, తొమ్మిదో అంశంలో రాశాం, మీరంతా ఒప్పుకునే కదా వేలిముద్రలు వేశారు అన్నారు.

ఆడవాళ్లలో కలకలం లేచింది. దేముడమ్మ ఏదో అనబోయింది. అధికారిణి పుస్తకం మూసి, నెమ్మదిగా, అందరికీ వినిపించేలా చెప్పారు. చదివి వినిపించకుండా ఎవరైనా వేలిముద్రలు వేయించుకుని ఉంటే ఇప్పుడే చెప్పండి. ఈ తీర్మానం రద్దు చేసి మళ్లీ సభ పెడతాం. పని సంగతి తేలేదాకా ఊరు కలపం. వేయించినవాడి మీద కేసు పెడతాం.

నేను లేచి నిలబడితే సరిపోయేది. రెండు వాక్యాలు చాలు. పిన్ని దేముడమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపి, నా వైపు తిరిగింది. కోపంగా కాదు. అన్నం పెట్టి, నేను తినడం మొదలెట్టేదాకా చూస్తుందే, అలా చూస్తూ ఆగింది. నాకు ఎంత సమయమిచ్చిందంటే షామియానా గుంజలు లెక్కపెట్టగలిగాను. ఉద్యోగం గుర్తొచ్చింది. పోలీసు స్టేషను గుర్తొచ్చింది. ఊళ్లో తలెత్తుకు తిరగలేనన్నది గుర్తొచ్చింది. కాలవ గట్టు మీద వరసకట్టిన వాళ్లు మాత్రం గుర్తు రాలేదు, ఎదురుగా ఉన్నా సరే. తల దించుకున్నాను.

పిన్ని అధికారిణి వైపు తిరిగింది.

"సదివేడమ్మా. మా నానాజీ అంతా సదివే ఏయించేడు. మాకే బుర్రకెక్కనేదు."

ఆవిడ నన్ను అడిగారు, నిజమేనా అని.

"నిజమేనండి" అన్నాను.

పిన్ని అలా అన్నాక తక్కినవాళ్లు ఇంకేం మాట్లాడతారు? ఒక్కొక్కళ్లూ చీరలు దులుపుకుని వెళ్లిపోయారు. నన్ను కాపాడడానికి ఆవిడ తన తిండితో పాటు వాళ్లందరి పనీ ఇచ్చేసింది. అది తప్పని ఆవిడకి తెలుసు. ఆ తప్పు చేయించినవాణ్ణి నేను. మామ మాత్రం నా వీపు తట్టి, గండం గడిచిందిరా అన్నాడు.

ఊరు కలిసిపోయింది. బోర్డు మీద సిరసపాలెం అని పైనే రాశారు. నేను సూపర్‌వైజర్నయ్యాను. పిన్ని తెల్లారకుండానే షేర్ ఆటో ఎక్కి ఎలమంచిలి వైపు కూలికి పోతోంది. పని దొరికిన రోజు పొద్దుపోయి వస్తుంది, దొరకని రోజు పెందరాళే వచ్చేస్తుంది. పెందరాళే వచ్చిన చప్పుడు వినపడితే నేను ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటాను.

మొన్న ఆదివారం గుమ్మం బయట ఎవరో దగ్గితే వెళ్లి చూశాను. పైడితల్లి పిన్ని. చెప్పులు మెట్టు కింద విడిచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని నిలబడి ఉంది.

"సూపర్‌వైజరు గారూ, మా ఇంటెనకాల కాలవ పూడిపోనాదండి. నీరు ఇంట్లోకి వచ్చేత్తంది. మనిసిని పంపిత్తారేటని."

లోపలికి రా పిన్నీ, కూర్చో అన్నాను. వంటింట్లో అన్నం ఉంది, ఇప్పుడే వార్చానని కూడా అన్నాను.

"పరవానేదండి. సెప్పి ఎల్లిపోదావని వచ్చేను" అంది. నేను పంపాల్సిన మనిషి పేరు కాగితం మీద రాసుకునేదాకా అక్కడే, మెట్టు కిందే నిలబడి, వెళ్లొస్తానండి అని చెప్పి వెళ్లిపోయింది.