తిప్పని వరస

తన ప్రాజెక్టు రిపోర్టు నలభై ఒకటో పేజీలో నా మనుషులిద్దరికి ఉద్వాసన చెప్పేసింది నా మేనకోడలు.

"పేర్లేం రాయలేదు మావయ్యా. ముగ్గురి బదులు ఒక్కరు సరిపోతారని మాత్రమే రాశా," అంది, అదేదో నాకు మేలు చేసినట్టు.

అమ్మాయి పీజీ మేనేజ్‌మెంట్ ఆఖరి ఏడు. నా చదువు ఎనిమిదో తరగతితో చెల్లు. ఇరవై ఆరేళ్ళుగా మిషన్ బెల్టుల గోడౌన్ చూసుకుంటున్నాను. వేసవిలో ఎనిమిది వారాలు అమ్మాయి మా గోడౌన్‌లోనే ప్రాజెక్టు చేసింది. నేనే యజమాని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఇంట్లోకి పిలిచి మరీ తన్నించుకోవడం అంటే ఇదే.

మా గోడౌన్‌లో గోడల నిండా కొక్కేలు. కొక్కేనికో రబ్బరు బెల్టు. ప్రతి సోమవారం పొద్దున ముగ్గురు మనుషులు ఒక్కో బెల్టునీ కొక్కెం మీదే జానెడు మేర తిప్పుతారు. తిప్పకపోతే కొక్కెం ఆనినచోట రబ్బరు మడత పడిపోతుంది. ఆ మడతతో మిషనెక్కిన బెల్టు తిరిగినప్పుడల్లా ఎగిరెగిరి అక్కడే చిట్లుతుంది. ఈ సంగతి నాకు ముందు పనిచేసిన ముసలాయన చెప్పాడు. ఆయనకి ఇంకెవరో చెప్పి ఉంటారు. ఏ పుస్తకంలోనూ లేదు.

అమ్మాయి మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని వాళ్ళ వెనకే తిరిగింది.

"ఏమ్మా, నేను ముక్కు గోక్కున్న టైము కూడా రాశావా?" అన్నాడు ముగ్గురిలో పెద్దాయన.

"రాశాను. నాలుగు సెకన్లు."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నాలుగు సెకన్లూ కూడితే ఆయన ఉద్యోగమవుతుందని అప్పుడు నాకేం తెలుసు?

మొదటి వారంలోనే ఒక కోరిక కోరింది. కిటికీ పక్క వరసని, ఇరవై ఎనిమిది బెల్టుల్ని, ఎవరూ ముట్టుకోకూడదట. పరీక్షట. సరే అన్నాను. ఎనిమిదో వారం వాటిని అటూ ఇటూ లాగి చూసి, "తేడా ఏం లేదు" అని రాసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాతి సోమవారం మా వాళ్ళు ఆ వరస మీద చెయ్యి వేయబోతే నేనే ఆపాను.

"వద్దు. అలాగే ఉండనివ్వండి."

"పాడైపోతాయి కదండీ!"

"పాడవనీ."

ఏడు నెలలు గడిచాయి. రిపోర్టు బైండు చేయించి పట్టుకొచ్చింది. బెల్టులు తిప్పడం విలువ లేని పని, ఆపేయాలి, ఇద్దర్ని తగ్గించాలి. చివరి పేజీలో గోడౌన్ ఇన్‌చార్జిగా నా అభిప్రాయం, సంతకం ఉండాలి. అది లేకపోతే ఆమెకు వైవా లేదు, డిగ్రీ లేదు. అది ఉంటే పెద్దాయనకీ, ఇంకొకడికీ పని లేదు. రిపోర్టు ఎలా చెబితే అలా చేస్తానని యజమాని ముందే చెప్పి కూర్చున్నాడు.

పెన్ను పక్కన పెట్టేశాను. సాయంత్రానికల్లా చెల్లెలు దిగింది.

"అన్నయ్యా, సంతకమేగా అడిగింది, నీ కిడ్నీ కాదుగా!"

"అబద్ధం కింద పెట్టను."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నువ్వెలాగూ చదువుకోలేదు, చదువుకునేదాన్నీ చదవనివ్వవా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పుస్తకం లాక్కుని ఆఖరి పేజీలో రాశాను: "ఈ అమ్మాయి లెక్క సరిగ్గానే పెట్టింది. దేన్ని లెక్కపెడుతున్నదో అడగలేదు. రబ్బరు కాలేజీ సెలవులు చూసుకుని వంగదు. 41వ పేజీ తప్పు." కింద సంతకం పెట్టాను. అడిగింది సంతకమే కదా.

రిపోర్టు అందిన రెండో రోజు కాలేజీ నుంచి ఫోను. వెళ్ళాను, భుజాన ఒక బెల్టు వేసుకుని. ప్రొఫెసర్ గదిలో చల్లగా ఉంది. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా.

"ఈ పేజీ మార్చి రాయాలండీ," అన్నాడు ప్రొఫెసర్ మర్యాదగానే. "ఇది అభిప్రాయంలా లేదు, ఫిర్యాదులా ఉంది."

"అభిప్రాయమే అడిగారు. అదే రాశాను."

"మీ క్వాలిఫికేషన్?"

"ఎనిమిదో తరగతి. దీనిది నా కంటే తక్కువ," అని బెల్టు ఆయన బల్ల మీద పడేశాను. కిటికీ పక్క వరసలోది. మామూలుగా పరుచుకుని పడాల్సింది, ఒకచోట మోకాలు ముడిచినట్టు లేచి నిలబడింది. చేత్తో అదిమాను. వదలగానే మళ్ళీ లేచింది.

"ఒక్క బెల్టు రుజువు కాదండీ."

"ఇంకా ఇరవై ఏడున్నాయి. ఆటోలో వేసుకు రమ్మంటారా?"

ఆయన అమ్మాయి వైపు చూశాడు. "ఇవాళ నాలుగింటితో గడువు అయిపోతుంది. మీ మావయ్యగారిని ఒప్పించుకోండి."

అమ్మాయి వచ్చి బెల్టు అందుకుంది. మడత మీద బొటనవేలు పెట్టి అదిమింది. మళ్ళీ అదిమింది. స్టాప్‌వాచ్ లేకుండా ఆ పిల్ల ఒక వస్తువుని అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"ఇది ఆ వరసలోదేనా మావయ్యా? అప్పట్నుంచీ తిప్పలేదా?"

"నువ్వు ముట్టుకోవద్దన్నావుగా."

ప్రొఫెసర్ వైపు తిరిగింది. "సార్, ఆఖరి పేజీ అలాగే ఉంటుంది. మార్చాల్సింది నా నలభై ఒకటి. ఎనిమిది వారాలు చాలలేదని రాస్తాను."

"గడువు దాటితే పది మార్కులు పోతాయి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అన్నాడాయన. నాకు తిట్టులా వినిపించలేదు.

పది మార్కులూ పోయాయి. ఫస్ట్ క్లాస్ మూడు మార్కుల్లో తప్పింది. నా చెల్లెలు ఇప్పటికీ నాతో మాట్లాడదు. కొత్త నలభై ఒకటో పేజీ చదివి యజమాని ముఖం మాడ్చుకున్నాడు. మనుషుల్ని తీయలేదు గానీ, కావాలని సరుకు పాడుచేశానని గంటసేపు నిలబెట్టి తిట్టాడు. తిట్టనీ. వినే చెవులు నావి, అరిగేవి కావు.

చెడిన బెల్టులన్నీ పారేయమన్నాడు. పారేశాం, ఇరవై ఏడు. ఆ ఒక్కటీ నా బల్ల వెనక మేకుకి తగిలించాను. ప్రతి సోమవారం పెద్దాయన అలవాటు చొప్పున దాని మీదా చెయ్యి వేయబోతాడు.

"దాన్ని మాత్రం ముట్టుకోకు," అంటాను.